చీ ల మా?

చైనా భాషలో ‘చీ’ అంటే తినడం. ఈ ముక్క చెప్పగానే మా అవ్వ రుక్కమ్మ మగ్గం ఆపేసి, “అన్నాన్ని ఛీ అంటరా? గదేం బాసనే!” అంటూ నవ్వలేక చచ్చింది.

“నవ్వకే అవ్వా! ‘చీ ల మా’ అంటే తిన్నవా అని. అది పలకరింపు. తినకున్నా ‘చీ ల’, తిన్న అని చెప్పాలె. గంతే.”

“తినకుండ తిన్న అంటరా? కండ్లు పోవా!”

నాకు ఒళ్లు మండింది. కాసేపట్లో ఫోన్‌లో ఇంటర్వ్యూ. చైనా మిషన్లు తెప్పించే హైదరాబాద్ కంపెనీలో దుబాసీ ఉద్యోగం. అది రాకపోతే మళ్లీ గద్వాల బజారులో చీరలు మడతపెట్టుకోవడమే. ఆ భయానికి పొద్దున్నుంచి ముద్ద దిగలేదు. అవ్వ రొట్టె తెచ్చినప్పుడల్లా కసురుకున్నాను.

ఇంటర్వ్యూ చేసే చైనా ఆవిడ, లిన్ మేడం, ఫోన్‌లో కనిపించింది. నవ్వుతూ అడిగింది, “చీ ల మా?”

అబ్బ, ఏం అదృష్టం! “చీ ల!” అన్నాను హుషారుగా.

“అబద్ధం!” వెనక నుంచి కేక. అవ్వ జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు ఉన్న పళ్లెం తెచ్చి ఫోన్ ముందు పెట్టింది. “పొద్దుగాల్నుంచి ఏం తినలే మేడం. జర నువ్వన్న చెప్పు!”

నా ఉద్యోగం గంగలో కలిసిందనుకున్నాను. ఆమె ఏమంటోందని లిన్ మేడం అడిగింది. తడబడుతూనే నిజం చెప్పేశాను. “హై మేయ్ చీ.” ఇంకా తినలేదు.

మేడం పడీపడీ నవ్వి, అవ్వనే అడిగింది. “చీ ల మా?”

“చీ ల!” అంది అవ్వ ఠక్కున.

నేను తినందే అవ్వ ఏనాడూ ముద్ద ముట్టదు. పళ్లెంలో ఇద్దరి రొట్టెలూ అలాగే ఉన్నాయి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. “నువ్వు గూడ తినలే గదనే!”

“నువ్వే చెప్తివి, గట్లనే అనాలెనని! గది సరేగని, ఆమె తిన్నదో లేదో అడుగు.”

నిజమే, ఆమెను ఎవరూ అడగలేదు. “చీ ల మా, మేడం?” అన్నాను.

‘చీ...’ అనబోయి, పళ్లెం వైపు చూసి ఆగిపోయింది మేడం. “హై మేయ్ చీ,” అంది మెల్లగా.

లేచి వెళ్లి తన డబ్బా తెచ్చుకుంది. ఇంటర్వ్యూ అంతా ముగ్గురం నములుతుండగానే జరిగింది. చివర్లో, “సోమవారం వచ్చి చేరు. రొట్టెలు మర్చిపోకు,” అంది.

నేను గంతులేస్తూ అవ్వకు చెప్పాను.

“ఆమెకు కారం ఎక్కువెయ్యాల్నా, తక్కువెయ్యాల్నా? జర అడిగి ఫోన్ పెట్టెయ్యే,” అంది అవ్వ.