వరహాలు మేస్త్రి చెవిపుల్ల

నేను ఒక స్క్రూడ్రైవర్ని. మూరకి కాస్త తక్కువ పొడవు, కొయ్యపిడి. మరలు విప్పడానికి పుట్టాను గానీ ఆ పని చేసింది చాలా తక్కువ. ఏ వస్తువునైనా అది పుట్టిన పనికే వాడితే మనుషులకి నిద్ర పట్టదు కాబోలు.

పంజాబులో ఏదో ఊళ్లో నన్ను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, నాలుగు తన్ని మనిషిని చేశారు. మీ మాటే వాడుతున్నాను, ఏమీ అనుకోకండి. అక్కడినుంచి గడ్డి పరిచిన చెక్కపెట్టెలో విశాఖపట్నం వచ్చి, ఒక ఇనుప సామాన్ల కొట్లో కొన్నాళ్లు వేలాడాను. మొదట కొన్నవాడు లారీ డ్రైవరు. వాడు నాతో రంగుడబ్బాల మూతలు తీశాడు, కొబ్బరికాయలు పగలగొట్టాడు, గాలికి కొట్టుకునే తలుపు కింద దోపాడు. ఒకసారి చెక్‌పోస్టు దగ్గర ఎవరినో పొడుస్తానని కూడా నన్ను చూపించాడు. చివరికి ఉలిలాగా సుత్తితో బాదితే నా మొన విరిగింది. విరగ్గానే "సెత్త సరుకు" అని నన్నే తిట్టి, నర్సీపట్నంలో కాసిం సాహెబు షెడ్డులో వదిలేసి పోయాడు.

కాసిం సాహెబు నన్ను పారెయ్యలేదు. విరిగిన మొనని సానరాయి మీద బఠాణీగింజలా గుండ్రంగా అరగదీశాడు. నడుస్తున్న బండి గేరుపెట్టె మీద ఆ మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి తాకించి కళ్లు మూసుకునేవాడు. గాలిలో కలగాపులగంగా వినిపించే చప్పుడు నా ఇనుములోంచి విడివిడిగా వెళుతుంది. బేరింగు పోతే గరగరమంటుంది. వెనక ఇరుసులో పళ్లు అరిగిన క్రౌను చక్రం, యాక్సిలరేటరు నొక్కినంతసేపూ గుయ్యిమని ఏడ్చి, వదలగానే గొంతు మారుస్తుంది. గేరు వేసినప్పుడు టంగుమంటే ఎక్కడో వదులుంది. ఇవన్నీ నేను మోసుకెళ్లేవాణ్ణి, ఆయన అందుకునేవాడు.

ఆయన తర్వాత షెడ్డూ నేనూ ఆయన దగ్గర పని నేర్చిన వరహాలుకి దక్కాం. చింతపల్లి ఘాటెక్కే, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ బళ్లన్నీ వరహాలు దగ్గరికే వచ్చేవి. పేరు ఆయన చెవిది, మోత నాది. వీధిలో నన్ను "వరహాలు చెవిపుల్ల" అనేవాళ్లు. ఈ లోకంలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే.

వరహాలుకి చెవి మందగిస్తోందని మొదట తెలిసింది నాకే. నన్ను చెవి వెనక ఆనించేటప్పుడు ఇదివరకు వేలితో తాకినంత మెల్లగా పెట్టేవాడు. రానురాను నొక్కడం మొదలుపెట్టాడు. ఎముక మీద ఎర్రగా పిడి గుర్తు పడేంత నొక్కేవాడు. ఇన్నేళ్లు రేకుల మీద సుత్తి దెబ్బలూ, గాలి కంప్రెసరు రొదా విన్న చెవులు కదా! పూర్తిగా పోలేదు. మగ గొంతులు వినబడేవి. లారీ హారనూ, ఇనుము పడితే వచ్చే దబ్బుమన్న చప్పుడూ వినబడేవి. సన్నటివే జారిపోయాయి. పిట్ట కూతలు, కుక్కరు ఈలలు.

ఆయన పెళ్లాం రత్నం గొంతు కూడా సన్నటిదే.

ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? అడిగిందే తిప్పి అడిగి, చేత్తో తడిమి, కంటితో చూసి నెట్టుకొస్తున్నాడు. రత్నానికి మాత్రం లెక్క వేరేగా కనబడింది. షెడ్డుకి వచ్చిన ప్రతి డ్రైవరుకీ జవాబు చెబుతాడు, తను వెనకనుంచి పిలిస్తే తల కూడా తిప్పడు. తన తమ్ముడి గృహప్రవేశం రేపని చెప్పినా, మొగుడు ఆ రోజు షెడ్డు తెరుచుకుని కూర్చున్నాడు. పుట్టింటివాళ్లందరి ముందూ ఒంటరిగా పీట మీద కూర్చుని వచ్చింది. ఆ తర్వాత ఆవిడ మాట మానేసింది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి బల్ల మీద టక్కున పెట్టడం, వెళ్లిపోవడం. పక్క టైర్ల కొట్టు ఆవిడతో చెబుతుంటే విన్నాను: "ఊరందరి మాటా ఇనబడతాది ఆయనకి. నా మాటకాడే సెవుడు."

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న పడాలు తన ఫోర్‌వీల్ పికప్పు వేసుకుని దిగాడు. కొండమీద వాడు. వారం వారం సంతకి మిరియాల బస్తాలనీ, ఆ బస్తాల మీద మనుషులనీ ఎక్కించి ఘాట్లో తిప్పుతాడు.

"మేస్త్రీ, బండి పిట్టలాగ అరుత్తంది," అన్నాడు. "ఒక షెడ్డోడు ముందు సక్రం బేరింగన్నాడు, మార్సీసినాడు. ఇంకోడు ఎనక హౌసింగన్నాడు, ఇప్పీసి బిగించినాడు. పిట్ట ఎగరనేదు."

"ఎక్కడ అరుత్తంది?"

"అదే తెలిత్తే నీకాడికెందుకొత్తాను? రేపు సంత. ఆడోళ్లు, పిల్లలు ఎక్కుతారు. నువ్వు బాగుందన్నావనుకో, కళ్లు మూసుకుని ఎక్కించీసుకుంటాను."

ఆ మాటకి వరహాలు ముఖం వాడింది. నమ్మకం పెట్టి వెళ్లేవాడికి బరువుండదు, మోసేవాడికే ఉంటుంది. నాలుగు చక్రాలూ స్టాండ్ల మీదికి లేపి, ఫోర్‌వీల్ లివరు వేయించి, పడాలుతో నడిపిస్తూ బండి కింద పడుకున్నాడు. గేరుబాక్సు వెనక, ముందు చక్రాలకి తిప్పుడు పంచే పెట్టె ఒకటుంటుంది. దాని మీద నా మొన పెట్టాడు.

కీచ్, కీచ్, కీచ్. అక్కడే ఉంది. ముందుకి వెళ్లే జాయింటు షాఫ్టు తలకాయ దగ్గర, నూనెచుక్క ఎరగని క్రాసు కీలు ఏడుస్తోంది. ఆ ఏడుపు ఒక్క ముక్క కూడా పోకుండా ఆయన ఎముకదాకా తీసుకెళ్లాను. ఆయన ఇంకా నొక్కాడు. పిడి వణికింది. కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. మొన ఇంకోచోటికి జరిపాడు, ఇంకోచోటికి. నేను చెబుతూనే ఉన్నాను. ఎదురుగా నిలబడి చెప్పినా అందని మాటలాగా అయిపోయింది నా గతి.

బయటికి వచ్చి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఏటీ నేదు. బ్రేకు రేకులేవో రాసుకుంటన్నట్టున్నాయి. ఎల్లిపో," అన్నాడు, పడాలు ముఖం చూడకుండా.

పడాలు బండి దించి వెనక్కి తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే రత్నం క్యారేజీతో వచ్చింది. బండి కదలగానే కీచుకీచుమంది. ఆవిడ ఆగిపోయింది.

"అదేటి, అలాగరుత్తంది?" అంది. నెలల తర్వాత మొగుడితో అన్న మొదటి మాట. ఆయన అటు తిరిగి ఉన్నాడు. కదల్లేదు.

"నిన్నే."

కదల్లేదు. అదే సమయానికి బండిలోంచి పడాలు "మేస్త్రీ, ఎనక గోడుందా?" అని అడిగితే, "ఉంది, ఎడం సేతికి కొయ్యి" అని వెంటనే చెప్పాడు.

రత్నం ముఖంలోకి కోపం ఎక్కింది. తిట్టడానికే రెండడుగులు వేసింది. కానీ బండి మళ్లీ కీచుమంది. ఆవిడ బండిని చూసింది, మొగుడి వీపుని చూసింది. ఈ చప్పుడు వినబడి కూడా ఈ మనిషి ఏమీ లేదని పంపించే రకం కాదు. అంతవరకు ఆవిడకి తెలుసు. ఇంకా దగ్గరికొచ్చి, మెడ వెనకే నిలబడి, మామూలు గొంతుతో, "మీయమ్మ పులుసు పెడితే కుక్క కూడా ముట్టీది కాదు," అంది.

ఆ మాట ఇంతకుముందు రెండుసార్లు అంటే రెండుసార్లూ కంచం ఎగిరింది. ఈసారి వరహాలు గుడ్డ మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు.

రత్నం క్యారేజీ బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. తర్వాత బండికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఆగు మరిదీ. మీ అన్న సూడ్డం ఇంకా అవనేదు. కిందనుంచి సూసినాడు, పైనుంచి సూడాల."

"బాగుందన్నాడు కద వదినా."

"రెండుసార్లు సూసి గాని ఒదల్డు. నీకు తెల్దేటి ఆయన సంగతి?" అని పచ్చి అబద్ధం ఆడి, కొంగు దోపుకుని బండి వెనక తొట్టిలోకి ఎక్కింది. వరహాలు తెల్లబోయి చూశాడు. ఆవిడ ఎదురుగా ముఖం పెట్టి, ఒక్కొక్క మాటే పలికింది: "ఎక్కు. మావా. ఎక్కు."

ఆయన పెదాల వంక చూశాడు. ఎక్కాడు.

బండి రోడ్డు మీదికి వచ్చింది. వరహాలు నన్ను తొట్టి రేకుకి ఆనించి చెవి దగ్గర పెట్టబోతే రత్నం ఆయన చేతిలోంచి నన్ను లాక్కుని స్పేరు టైరు పక్కన పడేసింది. నాకు బాధ వేసిన మాట నిజం. ఇన్నేళ్ల సర్వీసు ఒక్క విసురుతో అయిపోయింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని అరచేతిని వెల్లకిలా తిప్పి, బండి కీచుమన్నప్పుడల్లా వేలితో తట్టడం మొదలుపెట్టింది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. చెయ్యి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. తట్టుతూనే ఉంది.

అప్పుడు పని మొదలైంది. వరహాలు క్యాబిను మీద కొట్టి స్పీడు పెంచమన్నాడు. వేలు వేగంగా తట్టింది. కాలు తియ్యమన్నాడు. వేలు నెమ్మదించింది, ఆగలేదు. అయితే క్రౌను కాదు. మలుపులో స్టీరింగు కోయించాడు, ఎడమకీ కుడికీ. వేలు మారలేదు. చక్రం బేరింగైతే ఒక పక్కకి తిరిగినప్పుడు గొంతు మార్చాలి. తర్వాత దిగి చక్రం మీద సుద్దతో గీత గీసి, మళ్లీ ఎక్కి, మనిషి నడిచినంత మెల్లగా పోనివ్వమని, తొట్టిలోంచి వంగి చూశాడు. సుద్దగీత ఒక్క చుట్టు తిరిగేలోపే ఆవిడ వేలు నాలుగైదు సార్లు తట్టింది. చక్రం కంటే అంత జోరుగా తిరిగేది షాఫ్టే. ముందుదా, వెనకదా?

బండి ఆపించి దిగాడు. రెండు ముందు చక్రాలకీ బొడ్డు దగ్గర చేత్తో తిప్పే బిళ్లలుంటాయి. అవి బిగిస్తే లివరు వేసినా వెయ్యకపోయినా ముందు షాఫ్టు చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటుంది. విప్పితే ఊరుకుంటుంది.

"ఇవెప్పుడు బిగించినావు?"

"కొన్ననాడు," అన్నాడు పడాలు. "ఘాట్లో బురదలో దిగి ఎవడు తిప్పుతాడు మేస్త్రీ? మా కొండ మీద ఎవులూ ఇప్పరు."

వరహాలు రెండు బిళ్లలూ విప్పేసి మళ్లీ ఎక్కాడు. తనే చెయ్యి చాపాడు. రత్నం పట్టుకుంది. బండి కదిలింది, జోరందుకుంది, వంతెన దాటింది. ఆవిడ వేలు ఆయన అరచేతిలో ఊరికే ఉండిపోయింది. ఆయన ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు. ఎంత దూరం పోయినా అది కదల్లేదు.

పడాలు అద్దంలో చూసుకుంటూ కేకేశాడు. "ఏటి మేస్త్రీ, నా బండిలో హనీమూనా? ఉన్న మిరియాల వాసన సాల్దేటి మీకు?"

"నోరు మూసుకుని షెడ్డుకి తిప్పరా," అన్నాడు వరహాలు. ఆ గొంతు మగదే కదా, బాగానే వినబడింది.

షెడ్డులో ముందు షాఫ్టు దించి క్రాసు గిన్నె ఊడదీస్తే, సన్నటి సూదుల్లాంటి రోలర్లు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి రాలింది. రోలర్లే తుప్పు పట్టి అచ్చం కారప్పొడిలా అయిపోయాయి. ఘాట్లో ఆ షాఫ్టు ఎప్పుడైనా ఊడిపడేదే. పడాలు ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. రేపు బండి ఎక్కేవాళ్ల పేర్లు లోపల చదువుకున్నట్టు పెదాలు కదిలాయి. హాస్యమాడలేదు. కొత్త క్రాసు పడ్డాక, సాయంత్రానికి బండి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

అతను వెళ్లాక కూడా రత్నం వెళ్లలేదు. చల్లారిపోయిన క్యారేజీ విప్పి పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఎప్పట్నించి?" అని అడిగింది.

"తెల్దు. సన్నటివి రావట్లేదు." అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. "ముందు నువ్వే మాటాడ్డం తగ్గించీసినావనుకున్నాను."

రత్నం తల తిప్పుకుని కంప్రెసరు వంక చూస్తూ కూర్చుంది. ఆవిడ మాట మానకముందే ఆయనకి ఆవిడ మాట ఆగిపోయిందన్నమాట. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎదుటివాళ్లే ముందు అలిగారనుకున్నారు. ఇనుముకైతే తుప్పు పడితే పైకి కనబడుతుంది. మనుషులది లోపల్లోపల.

ఇప్పుడు బళ్లు వస్తే ఇద్దరూ కలిసి చూస్తారు. వరహాలు పెళ్లాం చెయ్యి పట్టుకుని గాని బండెక్కడని ఊళ్లో నవ్వుకుంటున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. చెవిటివాడనిపించుకోవడం కంటే పెళ్లాం పిచ్చోడనిపించుకోవడం నయం అనుకున్నాడేమో. చెవి డాక్టరు దగ్గరికి మాత్రం ఇంతవరకు వెళ్లలేదు. రేపంటాడు.

నాకు పని లేదు. గోడకి మేకు కొట్టి తగిలించారు, మొన మీద సాలీడు గూడు పెట్టుకుంది. అక్కడినుంచి చూస్తుంటాను. రత్నం కోపిష్టితనం అణువంతైనా తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు వెనకనుంచి పిలవదు. బండి కింద ఆయన పడుకుని ఉంటే, చుట్టూ తిరిగి తల ఉన్న వైపుకి వచ్చి, నేలమీద చతికిలబడి, తన ముఖం ఆయనకి కనిపించేదాకా వంగి, అప్పుడు తిడుతుంది.