దీవెనమ్మ బిందె

చింతపండు పిప్పిని ఇటుకపొడిలో అద్ది దీవెనమ్మ ఇత్తడి బిందె తోముతోంది. ఎండ ఎక్కకముందే గిలకలదిండి రేవు ఇసుక మీద చేపలు ఎండబెట్టి వచ్చింది. ఆదివారమని మనుషులకు తెలుస్తుంది గాని చేపలకు తెలియదు. ఉప్పుకు పగిలిన వేళ్ళు పులుపు తగిలి చురుక్కుమంటున్నా ఆపలేదు.

బిందె మెడ దగ్గర వేళ్ళు నెమ్మదించాయి. పెళ్ళయిన ఏడాది భర్త ఇస్సాకు దాన్ని గుడివాడలో కొని, చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అప్పట్లో ఆమెకు చదువు రాదు. అతను పోయాక, యాభై దాటిన వయసులో, చర్చిలో అక్షరాలు నేర్చుకుంది. మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఈ పేరే.

ఇంట్లో అంతకంటే విలువైన వస్తువు లేదు. అందుకే ఏటా కోతపండుగకు దాన్నే తీసుకెళ్తుంది. గుమ్మడికాయలు, కోళ్ళు, ధాన్యం, ఎవరికి కలిగింది వారు దేవుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వాటిని వేలం వేస్తారు. మూడేళ్ళుగా సంఘపెద్ద జెకర్యా ఆ బిందెను పాడుకుంటున్నాడు. సాయంత్రానికల్లా తెచ్చి ఆమె అరుగు మీదే పెడుతున్నాడు.

"నీకున్నది అదొక్కటే కదత్తా," అంటాడు.

అతని మంచితనం ఆమెకు తెలుసు. కానీ మర్నాడు ఆ బిందెతో నీళ్ళు తెచ్చుకుంటుంటే, దేవుడి చేతిలో పెట్టింది తిరిగి లాక్కున్నట్టుంటుంది.

చర్చికి వెళ్తూ, రేవు దగ్గర టీ దుకాణం ముందు ఆగింది.

"వస్తున్నావా హాజిరా?"

"వస్తాలే అక్కా. నిన్న చెప్పావుగా." హాజిరా గ్లాసులు కడుగుతూనే బిందె వంక చూసింది. "మీ చర్చిలో నేను వేలం పాడితే ఏమన్నా అంటారేమో?"

"పోయినేడు మీ షబ్నమ్ కోడిపెట్టను పాడుకోలేదా?"

"దాన్నయితే కూర వండుకుని తినేసింది. ఇది పేరున్న బిందాయె. రేపు మనసు మారి అడిగితే?"

"అడిగినా ఇయ్యకు."

"నేనసలే పిసినారిదాన్ని. నా కొట్టు గుమ్మం దాటనివ్వను."

"అందుకేగా నిన్నడిగింది," అంది దీవెనమ్మ.

వేలంలో బిందె వంతు వచ్చేసరికి జెకర్యా అలవాటుగా చెయ్యెత్తాడు. వెనక నుంచి హాజిరా పైమాట అంది. అతను ఇంకాస్త పెంచాడు. హాజిరా కూడా పెంచి, దీవెనమ్మ వంక బెదురుగా చూసింది. హాజిరా దగ్గర అంతకుమించి డబ్బు లేదు.

దీవెనమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

"జెకర్యా, కూర్చో నాయనా."

"నీ కోసమేనత్తా."

"తెలుసు. మూడేళ్ళుగా నేనిస్తున్నాను, నువ్వు వెనక్కి తెస్తున్నావు. ఆ దేవుడి ముందు నాకు మాట దక్కట్లేదు. ఈసారైనా నన్ను ఇయ్యనీ."

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. జెకర్యా చెయ్యి దింపి కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆమె చేపలు తిరగేసింది. సాయంత్రం ప్లాస్టిక్ బిందెతో నీళ్ళు తెచ్చుకుంది. తేలిగ్గా ఉంది. దారిలో రెండుసార్లు నడుం మీద బిందె ఉందో లేదోనని చూసుకుని, తనలో తనే నవ్వుకుంది. అరుగు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, చీకటి పడేదాకా పాటలు పాడుకుంది.

వేసవి మొదట్లో, మట్టల ఆదివారానికి వారం ముందు, ఎండిన చేపలు గంపకెత్తుతూ, ఆ గంప మీదికే ఒరిగిపోయింది. ముఖంలో కష్టపడిన జాడ లేదన్నారు చూసినవాళ్ళు.

భూస్థాపన అయ్యాక జెకర్యా టీ దుకాణం దగ్గర ఆగాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని, ఆ నీళ్ళు పోసి ఉంచిన ఇత్తడి బిందెను చూశాడు.

"అత్త గుర్తుగా చర్చిలో పెట్టుకుంటామమ్మా. ఇస్తావా?"

"ఇయ్యనండీ," అంది హాజిరా. "మాటిచ్చాను."

అతను తలూపి, ఇంకో గ్లాసు నీళ్ళు ముంచుకున్నాడు.

హాజిరాకు తెలుగు చదవడం రాదు. అయినా రోజూ బిందె తోమేటప్పుడు మెడ దగ్గర గట్టిగా రుద్దదు. రేవులో దిగిన వాళ్ళంతా వచ్చి ముంచుకుంటుంటే బిందె పొట్టకు సొట్టలు పడుతున్నాయి గాని, మెడ మీద చుక్కల పేరు మాత్రం నీటి తడికి మెరుస్తూ అలాగే ఉంది.