ఆ జోకుకి నేను నవ్వలేదు

పెడనలో సంపూర్ణమ్మ నవ్వు తెలియనివాళ్లు లేరు. ముందు గొంతులో ఎక్కడో కీచుమంటుంది, తర్వాత మూడు మెట్లు ఎక్కుతుంది, చివర్లో "అమ్మో, చచ్చాను బాబోయ్" అంటూ దిగుతుంది. సినిమా హాల్లో ఆవిడ నవ్వితే ముందు వరసలవాళ్లు తెర మానేసి వెనక్కి తిరిగి చూసేవారు. పెళ్లయిన కొత్తలో అత్తగారు "ఆడదాని నవ్వు అరుగు దాటకూడదమ్మా" అని బుద్ధి చెప్పింది. సంపూర్ణమ్మ ప్రయత్నించింది గానీ, ఆ ఇంటి అరుగే బాగా చిన్నది.

అలాంటి నవ్వు ఒక ఆదివారం పొద్దున టీవీలోంచి వచ్చింది.

'గోడకో చెవి' అని బెజవాడలో తీసే కామెడీ సీరియల్ అది. ఒకప్పుడు మంచిదే. పక్కపక్క ఇళ్లలో రెండు కుటుంబాలు, మధ్యన ఒక గోడ, ఆ గోడ మీదుగా పచ్చిమిరపకాయలూ పంచాయితీలూ చేతులు మారుతుండేవి. ఇప్పుడు గోడ మిగిలింది, సంసారాలు పోయాయి. చీర కట్టిన మగవాడు కింద పడితే నవ్వాలి. లావుపాటి మనిషి మంచం ఎక్కితే నవ్వాలి. నల్లటి పిల్ల పౌడరు రాసుకుంటే నవ్వాలి. వీటికి ఎవరూ నవ్వరని తీసేవాళ్లకీ తెలుసు కాబట్టి ఆ పనీ వాళ్లే చేసిపెడతారు, ప్రతి మాట వెనకా, ఎప్పుడో రికార్డు చేసి దాచిన నవ్వుని డబ్బాలోంచి ఇంత తీసి పోస్తారు. అన్నం పెట్టి, నమిలి కూడా పెడితే ఎవడు తింటాడండీ? అయినా జనం చూస్తారు, ఆదివారం కదా.

ఆ రోజు కథలో కొత్త కోడలికి నత్తి. మామగారు విరిగిన కుర్చీలో కూర్చోబోతున్నాడు. కోడలు చెయ్యి చాపి "కు... కు... కు..." అంటోంది. మామగారు "కుక్కా? కుంకుమా? కునుకా?" అంటూనే కూర్చుని దబ్బున పడ్డాడు. డబ్బా నవ్వులు పొంగాయి. వాటన్నిటి మీదా ఒక నవ్వు కీచుమని మొదలై, మూడు మెట్లెక్కి, "అమ్మో, చచ్చాను బాబోయ్" అని దిగింది.

"అమ్మా, అది నువ్వే!" అన్నాడు సంపూర్ణమ్మ కొడుకు ఉమామహేశ్. నోరు జారాక గానీ పక్కన కూర్చున్న భార్య సంగతి గుర్తు రాలేదు వాడికి.

ధనశ్రీకీ నత్తే. ఈ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. మొదటి ఆర్నెల్లూ తలూపడమే తప్ప మాటన్నది లేదు. ఒకరోజు మగ్గానికి నూలు కండెలు చుడుతూ "అ... అ... అత్తయ్యా" అని మొదలుపెట్టి ఆగిపోతే, సంపూర్ణమ్మ తన రాట్నం ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా తాపీగా కూర్చుంది. మాట పూర్తయింది. పెద్ద విశేషమేమీ కాదు, పులుసులో ఉప్పెక్కువైందని. కానీ ఆ రోజు నుంచి ధనశ్రీ ఆ ఇంట్లో మాట్లాడింది. పుట్టింట్లో కూడా ఎవరో ఒకరు ఆ పిల్ల నోట్లో మాట లాక్కుని పూర్తి చేసేవారట. ఇక్కడ ఎవరూ ఆ పని చెయ్యరు. చేస్తే సంపూర్ణమ్మ ఊరుకోదు.

ఇప్పుడు ధనశ్రీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి నడిచింది.

"అమ్మాయ్, నేను నవ్వలేదే!" అంది సంపూర్ణమ్మ వెనకాలే వెళ్లి.

"మీ న... నవ్వు నాకు తెలీదా అత్తయ్యా" అంది ధనశ్రీ. అంతే. ఆ తర్వాత బుధవారం దాకా మళ్లీ తలూపడమే. మూడేళ్లలో కూడబెట్టిన మాటలన్నీ ఒక్క నవ్వుకి పోయాయి.

వీధి వీధంతా మాత్రం పండగ. ఎదురింటి శౌరమ్మ వచ్చి, "వదినా, టీవీలో పడ్డావంటగా! లడ్డూ లేదా?" అంది.

"దొంగలు పడితే లడ్డూలు పంచుతారా ఏంటే?" అంది సంపూర్ణమ్మ.

దొంగలు ఎప్పుడు పడ్డారో ఆవిడకి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట బెజవాడలో చేనేత ప్రదర్శన పెడితే మొగుడూ పెళ్లాలు చీరలు పట్టుకెళ్లారు. 'గోడకో చెవి' వాళ్లు అక్కడే, జనం ముందు, ఒక ఎపిసోడ్ తీశారు. దుకాణాలవాళ్లందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి తలల మీద మైకులు వేలాడదీశారు. ఆ రోజు నవ్విన మాట నిజం. పక్కన కూర్చున్న భర్త ఏడుకొండలు చెవిలో ఏదో అన్నాడు, దానికి నవ్వింది. ఏమన్నాడు? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

"వాళ్లకి చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టేనమ్మా, వదిలెయ్" అన్నాడు ఉమామహేశ్.

"దున్నపోతుకి తెలీకపోతే పోనీరా. నా కోడలికి తెలియాలి."

గురువారం పొద్దున్నే కోడల్ని లేవదీసింది. "నే... నేనెందుకు అత్తయ్యా?" అంది ధనశ్రీ. "నేను నవ్వలేదని నువ్వు వినాలి కాబట్టి" అంది సంపూర్ణమ్మ. బందరు వెళ్లి బస్సు మారి, పామర్రు మీదుగా బెజవాడ చేరి, అక్కణ్ణుంచి గన్నవరం దారిలో ఆటో ఎక్కారు.

స్టూడియో అంటే ఒక పాత కల్యాణమండపం. గేటు మీద 'స్వాగతం' ఇంకా ఉంది. పెళ్లిభోజనాలు పెట్టే హాల్లో ఆ ప్రసిద్ధమైన గోడ నిలబడి ఉంది, అట్టతో చేసింది. జనం కూర్చునే కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి మూలన పేర్చారు, వాటి మీద దుమ్ము వేలెడు మందాన ఉంది.

డైరెక్టరు లక్ష్మీకాంత్ మర్యాదస్తుడే. ఎడిటింగు గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మా నవ్వు మాకిచ్చెయ్యండి బాబూ" అంది సంపూర్ణమ్మ.

అతను సరదా అనుకుని నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు ఆపాడు. "ఇప్పుడు ఆడియన్స్‌ని ఎవరూ పిలవట్లేదమ్మా. అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు. అరనిమిషంలో నవ్వించకపోతే వేలితో పైకి తోసేస్తారు. నవ్వు వినపడితే కాసేపు ఆగుతారు. మీ నవ్వుకి ఆగినట్టు దేనికీ ఆగరు. ఎన్నిసార్లు వాడాం మరియదాసూ?"

"రెండొందలు దాటింది సార్" అన్నాడు కంప్యూటరు ముందున్న ఎడిటరు మరియదాసు, తల తిప్పకుండా.

"రెండొందలసార్లా! ఆయన పోయాక ఇంట్లో నేను ఇరవైసార్లు నవ్వుంటానా అని."

"నవ్వు నవ్వే కదమ్మా. అప్పుడు దేనికో నవ్వారు, ఇప్పుడు దీనికి వాడుకున్నాం."

"అదెలాగండీ? పెళ్లికి వాయించిన సన్నాయి పట్టుకెళ్లి చావింట్లో వినిపిస్తారా?"

లక్ష్మీకాంత్ తన టీ గ్లాసు అందుకున్నాడు. మరియదాసు మాత్రం ఈసారి తల తిప్పి ఆవిడను చూశాడు. "కత్తిరించకముందటి రికార్డింగు ఉందమ్మా. వింటారా?" అని, సార్ అనుమతి కోసం చూడకుండానే నొక్కాడు.

గోల. కుర్చీల చప్పుడు. ఆనాటి హీరో గొంతు గట్టిగా, "ప్రాణాలిచ్చైనా సరే, నేతన్నని నేను కాపాడతాను!" అంది. వెంటనే మైకుకి దగ్గరగా, నింపాదిగా ఇంకో గొంతు: "ముందా పాలిస్టర్ చొక్కా విప్పమనవే. ఈ ఉక్కలో మనకంటే ముందు వాడే పోయేట్టున్నాడు." ఆ తర్వాత కీచుమని నవ్వు.

సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్లుగా కలలో కూడా సరిగ్గా వినపడని గొంతు. "ఇంకోసారి వెయ్యి నాయనా" అంది. మరియదాసు మూడుసార్లు వేశాడు. కళ్లు తుడుచుకుని ఆవిడ కోడలి వైపు తిరిగింది. "విన్నావా? మీ మామయ్యకి నవ్వాను. ఆ జోకుకి కాదు."

ధనశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సరే బాబూ, ఆ సీన్లోంచి నా నవ్వు తీసెయ్యండి" అంది సంపూర్ణమ్మ.

"తీస్తే సీను చచ్చిపోతుందమ్మా!"

"ఇప్పుడు బతికుందంటారా?"

మరియదాసు నవ్వు తీసేసి ఆ సీను వేశాడు. కోడలు "కు... కు..." అంది. మామగారు పడ్డాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లక్ష్మీకాంత్ తన ఫోను తీసి అందులో ఏదో చూసుకున్నాడు.

"ఇందులో నవ్వాల్సిందేంటో చెప్పండి బాబూ. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, నాకు తెలియట్లేదు."

"అంటే... ఆ అమ్మాయి కుర్చీ విరిగిందని చెప్పేలోపు ఆయన..."

"ఊఁ?"

"ఆయన పడిపోతాడు."

"పడితే?"

"నత్తి కదమ్మా... అందుకని... అదీ..." వివరించేకొద్దీ అతని మాటలే తడబడ్డాయి.

అప్పుడు ధనశ్రీ నోరు విప్పింది. "న... న..."

"నవ్వు రాలేదంటారు, అంతేగా?" అన్నాడు లక్ష్మీకాంత్ గబుక్కున.

సంపూర్ణమ్మ చెయ్యెత్తింది. "ఆగండి." పెద్దగా అనలేదు గానీ అందరూ ఆగారు. ధనశ్రీ ఊపిరి పీల్చుకుంది.

"న... నత్తి ఆ పిల్లది. తొం... తొందర ఆయనది. ప... ప... పడిందెవరండీ?"

ముందు మరియదాసు ముక్కులోంచి వచ్చింది నవ్వు. ఆ వెనక సంపూర్ణమ్మది కీచుమని మొదలై, మూడు మెట్లెక్కి, కల్యాణమండపం అంతా తిరిగి "అమ్మో, చచ్చాను బాబోయ్" అని దిగింది. లైట్లవాళ్లు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చారు. లక్ష్మీకాంత్ కూడా నవ్వాడు. మరుక్షణం అతనిలోని డైరెక్టరు లేచాడు.

"మరియదాసూ, రికార్డయిందా?"

"ఈ గదిలో మైకు లేదు సార్."

"అమ్మా, హాల్లోకి రండి. ఇంకొక్కసారి, అచ్చం అలాగే..."

"తిప్పితే రావడానికి నేనేమన్నా కుళాయినా బాబూ? మా అమ్మాయి అన్నలాంటి మాట ఒక్కటి రాసుకోండి. ఆ కుర్చీలు దులిపి జనాన్ని పిలవండి. అప్పుడొస్తాను. నవ్వొస్తే నవ్వుతాను, రాకపోతే నవ్వను. ముందు ఇది తీసెయ్యండి."

"పైవాళ్లని అడగాలమ్మా, ఆలోచిస్తాం..."

"అడగండి. మేం కూర్చుంటాం. ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్నదాన్ని, నాకిదో లెక్కా?"

హాల్లోకి నడిచి, పేర్చిన కుర్చీల్లోంచి రెండు లాగి, కొంగుతో దులిపి, సరిగ్గా ఆ అట్టగోడ ముందు వేసింది. ఒకటి తనకి, ఒకటి కోడలికి. మధ్యాహ్నం షూటింగు అక్కడే. కెమెరా వచ్చింది, మేకప్ వేసుకున్న మామగారు వచ్చాడు, లక్ష్మీకాంత్ బతిమాలాడు, గొంతు పెంచాడు, మళ్లీ బతిమాలాడు. సంపూర్ణమ్మ తెచ్చుకున్న పులిహోర డబ్బా విప్పి మామగారి వేషగాడికి కూడా పెట్టింది. గంటన్నర గడిచాక లక్ష్మీకాంత్ చేతులెత్తేశాడు. "తీసెయ్ మరియదాసూ. ఇక వాడకు."

"పాతవాటిలో ఉండిపోతుందమ్మా, అన్నీ మార్చలేను" అన్నాడు మరియదాసు నిజాయితీగా. "ఫోన్లలో చూసే ఈ ఎపిసోడ్‌లో తీసేశాను. మా దగ్గరున్న ముక్క కూడా చెరిపేశాను." ఏడుకొండలు మాటతో సహా మొత్తం రికార్డింగు ధనశ్రీ ఫోన్లో వేసిచ్చాడు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటాక ధనశ్రీ ఫోను తీసి నొక్కింది. ఏడుకొండలు చొక్కా విప్పమన్నాడు. ఫోన్లో సంపూర్ణమ్మ, పక్క సీట్లో సంపూర్ణమ్మ, ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ధనశ్రీ కూడా ఆపుకోలేకపోయింది. బస్సులో సగం మంది వెనక్కి తిరిగారు.

"ఏంటమ్మా అంత జోకు? మాకూ చెప్పండి" అన్నాడు కండక్టరు.

సంపూర్ణమ్మ చెప్పబోయి నోరు మూసుకుంది. "మా కోడలు చెబుతుంది" అంది.

ధనశ్రీ ఆవిడ వైపు చూసింది. అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు ఆ పిల్ల. "మా... మా... మా..."

"మామిడికాయా?" అన్నారెవరో వెనక సీట్లోంచి.

"ఆగవయ్యా. చెబుతోందిగా" అన్నాడు కండక్టరు.

బస్సు పామర్రు స్టాండులో ఆగింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. కండక్టరు కడ్డీ పట్టుకుని ధనశ్రీ ఎదుటే నిలబడ్డాడు.

"మా... మామయ్య ఏమన్నారంటే..."

ఆ మాట పూర్తయ్యేదాకా అతను రైట్ చెప్పలేదు.