నుదుటి మీద విమానం

నేను ఒక క్రెడిట్ కార్డును. పేరుకు ప్రయాణాల కార్డును. నా నుదుటి మీద ఒక బుల్లి విమానం బొమ్మ ఉంది. దాని కింద నా యజమానురాలి పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను. నన్ను చూసి మీరు నవ్వనంటే ముందు నా రూపం గురించి ఒక మాట. ఇప్పుడు నా అంచులు పైకి లేచి, ఒళ్లంతా వంకర తిరిగి, నూనెలోంచి తీసిన అప్పడంలా ఉన్నాను. బంగారు రంగు చిప్ మెరవాల్సిన చోట చిన్న గుంట ఉంది. కానీ పుట్టినప్పుడు నేను చాలా అందంగా ఉండేదాన్ని.

ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో తెల్లటి ప్లాస్టిక్ రేకులు ఒకదాని మీద ఒకటి అతికించి, రంగులద్ది, ముక్కలుగా కోసి నన్ను తయారుచేశారు. నా పక్క వరుసలో పుట్టినవాళ్లకు పెట్రోలు పంపు బొమ్మ పడింది. ఆ పై వరుసకు బజారు సంచీ పడింది. నాకు విమానం పడింది. విమానం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. అది ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం ఆ రోజే పట్టుకుంది. ఇంకో సందేహం కూడా ఉండేది. నన్ను గీకితే పాయింట్లు వస్తాయని అందరూ అంటున్నారు. ఆ పాయింట్లు నాలో ఎక్కడ ఉంటాయి?

ఈ రెండు సందేహాలతో, ఒక కవరులో పడి నేను పలాస చేరాను. కవరు చించిన మనిషి దమయంతి. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె భర్త సింహాచలానికి తహసీల్దారు ఆఫీసు ఎదురుగా జిరాక్సు, లామినేషన్ కొట్టు ఉంది. అతను ఆమెకు వరసకు మేనబావ. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది.

నన్ను ఎంచుకున్న సంగతి నేను పుట్టకముందు జరిగింది. అయితే ఆ ఇంట్లో పెళ్లిచూపుల కథలా అది ఎన్నిసార్లు చెప్పుకున్నారంటే, నేనూ అక్కడే ఉన్నట్టు తోస్తుంది. బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఆసుపత్రికి వచ్చి మూడు కార్డుల బొమ్మలు బల్ల మీద పరిచిందట. భార్యకు టిఫిను క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన సింహాచలం కూడా అక్కడే నిలబడి సలహాలిచ్చాడట.

"పెట్రోలుది తీసుకో. బండికి పనికొస్తాది."

"నీ బండి ఇంటి నుంచి కొట్టుకీ, కొట్టు నుంచి ఇంటికీ. అదెంత తాగుద్ది బావా."

"అయితే డబ్బులు ఎనక్కిచ్చేది తీసుకో. సుబ్బరంగా డబ్బే వస్తాది కదా."

దమయంతి తల అడ్డంగా ఊపింది. "డబ్బు వస్తే నా చేతిలో ఉంటాదేటి? నీ తమ్ముడు బదులడుగుతాడు, ఇచ్చీస్తాను. గేస్ అయిపోద్ది, కట్టీస్తాను. ఈ పాయింట్లయితే ఎవురూ బదులడగరు. ఈటితో కందిపప్పు రాదు. విమానం టిక్కెట్టే వస్తాది. నాకదే గావాల."

చాలామంది నన్ను టిక్కెట్టు ఊరికే వస్తుందన్న ఆశతో ఎంచుకుంటారు. ఈవిడ నా పాయింట్లతో ఇంకేమీ కొనలేనని ఎంచుకుంది. మనుషులు తమ నుంచి తామే దాచుకోవలసిన వస్తువులు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ టిక్కెట్టు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు. శ్రీకాకుళం పక్క ఊళ్లలో అక్కడ చుట్టం లేని ఇల్లు తక్కువ. దమయంతికి అక్కడున్నది అప్ప, అంటే తోడబుట్టిన అక్క, రత్నాలు. తల్లి చిన్నప్పుడే పోతే దమయంతికి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది ఆవిడే. పెళ్లయ్యాక విశాఖలో ఓడెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్లకు మిగిలింది ఆదివారాల ఫోను. దమయంతి ఒకసారి ఓడెక్కింది కూడా. కానీ దారి పొడవునా తల ఎత్తలేక, దిగాక మంచం పట్టి, అప్ప చేత సేవలు చేయించుకుని తిరిగొచ్చింది. మళ్లీ ఓడ పేరెత్తలేదు.

ఈమధ్య ఆ ఫోను కూడా చెడిపోయింది. ఫోను బాగానే ఉంది, రత్నాలు చెవులే పాడయ్యాయి. ఒక చెవి పూర్తిగా పోయిందనీ, రెండోది అదే దారిలో ఉందనీ అక్కడి డాక్టరు చెప్పాడట. మిషను పెడితే చెవిలో ఈల మోగుతోందని తీసి గూట్లో పడేసిందట. ఒక ఆదివారం దమయంతి, "నాకు జ్వరం అప్పా" అంది. అవతల నుంచి రత్నాలు, "మంచిదే సెల్లీ, మంచిదే" అంది. దమయంతి పకపకా నవ్వింది. ఫోను పెట్టేశాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు నేను ఆమె పర్సులో, ఆమె ఒళ్లోనే ఉన్నాను.

ఆమె కోరిక చాలా చిన్నది. ఆ మిగిలిన చెవి మూసుకుపోయే లోపల ఒక్కసారి అప్ప పక్కన కూర్చుని మాట్లాడాలి.

ఇక నా కొలువు మొదలైంది. మందుల షాపు, గ్యాసు, కరెంటు బిల్లు, నూనె ప్యాకెట్లు, చెప్పులు. ప్రయాణాల కార్డునని పేరే గానీ, నా ప్రయాణాలన్నీ ఆసుపత్రికీ బజారుకీ మధ్యనే జరిగాయి. ఒక షాపులో సిగ్నలు ఉండేది కాదు. యజమాని నన్ను మిషనులో గుచ్చి, రోడ్డు మీదికి పోయి, చెయ్యి ఆకాశానికెత్తి నిలబడేవాడు. విమానం ఎక్కడమంటే ఇదేనేమో అని కొన్నాళ్లు అనుకున్నాను.

తోటి నర్సు ఎవరైనా ఫ్రిజ్జు కొంటున్నారని తెలిస్తే చాలు, దమయంతి వాళ్ల వెంట వెళ్లి, ధర బేరమాడే పని కూడా తనే చేసి, "నా కార్డు గీకుతాను, డబ్బులు నాకిచ్చీండి" అనేది. బిల్లు వచ్చిన రోజే కట్టేసేది. ఆలస్యం చేసి వడ్డీ కట్టేవాళ్లంటే బ్యాంకుకు ముద్దు. కాబట్టి నన్ను కన్న బ్యాంకుకు ఈవిడ మీద పెద్ద ప్రేమ ఉండి ఉండదు. నాకు మాత్రం ఉంది.

ఒక మనిషి వెళ్లి రావడానికి సరిపడా పాయింట్లు పోగయ్యాయి. "రేపు టిక్కెట్టు తీస్తాను బావా" అని చెప్పి ఆమె డ్యూటీకి వెళ్లింది. ఆ పూటే నా మీద గండం వచ్చిపడింది.

సింహాచలం మంచి మనిషి. అతని దృష్టిలో లామినేషన్ లేని కాగితం చొక్కా లేని మనిషితో సమానం. ఆధారు, రేషను కార్డు సరే, తన పెళ్లి శుభలేఖను కూడా లామినేషన్ చేసి గోడకు కొట్టుకున్నాడు. టీవీ రిమోటు కొన్న నాటి కవరులోనే ఉంటుంది. నన్ను బీరువాలోంచి తీసి, వెలుగులో తిప్పి చూశాడు. గీకి గీకి అంచులు అరిగాయి. విమానం రెక్క మీద రంగు లేచింది. "ఇన్నాళ్ల కష్టం ఇందల ఉంది. ఇలా వదిలీస్తే ఎలా" అని తనలో తనే అనుకుని కొట్టుకు తీసుకుపోయాడు. భార్య సంతోషపడుతుందని మనసారా నమ్మాడు.

లామినేషన్ మిషను నోట్లోకి వెళ్లడమే నాకు గుర్తుంది. రెండు వేడి రోలర్లు నన్ను నమిలి అవతలకు ఉమ్మాయి. పేరు అక్షరాలు అణిగిపోయాయి. ఒళ్లు మెలి తిరిగింది. సింహాచలం కంగారుగా నా మీద లావుపాటి పుస్తకాలు పెట్టాడు. లాభం లేకపోయింది. బ్లేడుతో పైపొర వలిచాడు. దాంతోపాటు చిప్ కూడా ఊడి వచ్చింది.

సాయంత్రం దమయంతి నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాల్చీసినావేటి బావా?"

"అరక్కుండా ఉంటాదని..." అతను తల వంచుకున్నాడు. "ఓడ మీద ఎల్దాం దమయంతీ. నేనూ వస్తాను. తల పట్టుకుని కూకుంటాను."

ఆమె కుర్చీలో కూలబడింది. పాయింట్లన్నీ నాతోపాటు కాలిపోయాయనే ఇద్దరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేదని నాకనిపించింది.

చివరికి సింహాచలమే బ్యాంకు వాళ్లకు ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు. చాలా సేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"పాయింట్లు కార్డులో ఉండవండి. మీ ఖాతాలో ఉంటాయి. కార్డు పోయినా, విరిగినా వాటికేమీ కాదు."

"కాలితే?"

"కాలినా అండి."

"లామినేషన్ సేస్తే?"

"ఏం చేశారండీ?"

దమయంతి నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతుండగానే నవ్వింది. సింహాచలం గోడకు చేరబడి గట్టిగా ఊపిరి వదిలాడు. నా సందేహాల్లో ఒకటి అలా తీరింది. పాయింట్లు నాలో ఎప్పుడూ లేవు. ఆమె ప్రయాణమంతా మోస్తున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయిన నాలో ఏమీ లేదు. నాకు బాధ వేసింది. దాచుకోవడమెందుకు, సిగ్గు కూడా వేసింది.

కొత్త కార్డు వచ్చింది. నున్నగా ఉంది, దాని నుదుటి మీదా విమానమే. టిక్కెట్టు తీశారు. పాతదాన్ని ముక్కలుగా కత్తిరించి పారేయమని బ్యాంకు చెప్పింది. సింహాచలం కత్తెర తీసుకుని నన్ను రెండుసార్లు పట్టుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. "ఆళ్లు సెప్తారు గానీ, ఇన్నాళ్లూ గీకినది దీన్నే కదా. ఎందుకైనా మంచిది, సంచీలో ఉండనీ" అన్నాడు.

అలా నేను విమానం ఎక్కాను. చూశానా అంటే చూడలేదు. చేతిసంచీలో, అప్ప కోసం కట్టిన జీడిపప్పు పొట్లం కింద, చీకట్లో ఉన్నాను. పెద్ద హోరు వినిపించింది. దమయంతి సంచీని గట్టిగా పట్టుకుంది. అంతే.

గుమ్మంలో చెల్లెల్ని చూసి రత్నాలు కాసేపు నమ్మలేదు. తర్వాత రెండు చేతులతో బుగ్గలు నిమిరి, "మళ్లీ ఓడెక్కినావేటే? తల తిరగనేదా? కూకో, కూకో" అని కంగారు పడింది. దమయంతి విమానం అని అరిచి చెప్పింది. వినపడలేదు. చేతులు చాపి చూపించింది. రత్నాలు అయోమయంగా చూసింది. అప్పుడు దమయంతి సంచీలో చెయ్యి పెట్టి నన్ను తీసి, నా నుదుటి మీద వేలు పెట్టింది.

రత్నాలు నన్ను కిటికీ వెలుగులో పట్టుకుని, విమానం మీద బొటనవేలితో రాసి, "ఇదేటే, అప్పడంలాగున్నాది" అంది.

దమయంతి ఆ మిగిలిన చెవి పక్కన, దాదాపు భుజానికి గడ్డం ఆనించి కూర్చుంది. ముందు చెప్పింది నా కథే. ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పింది. లామినేషన్ దగ్గరికి వచ్చేసరికి రత్నాలు పొట్ట పట్టుకుని, "సింహాచలానికి ముందు నుంచీ బుర్ర నేదు" అంది. నవ్వు ఆగాక చెల్లెలి మొహంలోకి తేరిపార చూసింది.

"నీ గొంతు మారనేదే సెల్లీ. ఫోన్లో ఎవురో మాటాడతన్నట్టుండేది."

దమయంతి అప్ప ఒళ్లో తల పెట్టేసింది. రత్నాలు చెయ్యి దానంతటదే ఆమె జడ విప్పడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో సముద్రం వైపు కిటికీ రెక్క ఒకటి వదులు. గాలికి టకటకా కొట్టుకుంటుంది. చప్పుడుకు చెల్లెలు ఉలిక్కిపడడం చూసి, రత్నాలు నన్ను తీసి ఆ సందులో దోపింది. చెల్లెలు తిరిగి వెళ్లిపోయినా నన్నెవరూ అక్కడి నుంచి తీయలేదు. ఇప్పుడు నా కొలువు ఇదే.

మిగిలిన సందేహమూ ఇక్కడే తీరింది. రోజూ సముద్రం మీది నుంచి విమానం కిందికి దిగుతూ కనిపిస్తుంది. నా మీది బొమ్మకూ దానికీ అంతగా పోలిక లేదు. బొమ్మ వేసినవాడు కూడా చూసి ఉండడనుకుంటాను. అది దగ్గరికొచ్చేసరికి కిటికీ అద్దం అదురుతుంది, బయటికి లేచిన నా వంకర అంచు గడగడా వణుకుతుంది. రత్నాలుకు ఇప్పుడు ఆ చెవి కూడా దాదాపు మూతబడింది. కానీ నా వణుకు ఆవిడ కంట పడుతుంది. "విమానం వచ్చినాది" అని, ఇంట్లో ఉన్న, చెవులు బాగా వినపడే తన కూతురి కంటే ముందు తనే చెబుతుంది. కిటికీ దగ్గరికొచ్చి, అది కొబ్బరిచెట్ల వెనక దిగేదాకా చూసి, వెళ్లి చెల్లెలికీ తనకూ సరిపడా టీ పెడుతుంది. ఎవరూ రాకపోతే రెండో గ్లాసు కూడా తనే తాగుతుంది.