పద్దెనిమిదోవాడి నుంచీ

నరసింహమూర్తి పంతులుగారికి అన్నీ తెలుసు, ఒక్క సముద్రం పోటూ పాటూ తప్ప. ఆయనది కొత్తపేట వైపు మెరక ఊరు. కాలవలు తవ్విన కొత్తలో, కంపెనీవారి జమానాలో, ఉప్పలగుప్తం దిగువన ఏటి ఒడ్డు పల్లెలో బడి పెట్టి ఆయన్ని పంపించారు. మూడేళ్లుగా అరిచీ అరిచీ గొంతు పోయిందే గాని బడి నిండింది లేదు. హాజరు పట్టీలో ముప్పై ఒక్క పేర్లు. అరుగు మీద పదిహేడు తలకాయలు! ఆ పదిహేడూ వీధిలోని రైతుల పిల్లలు. రానివాళ్లంతా వలలు వేసుకునేవారి పిల్లలు. "వీళ్లకి చదువబ్బదు" అని పంతులుగారు ఎప్పుడో తేల్చేశారు.

ఆయన బడిలోనూ అన్ని వీధిబడుల్లో ఉన్న ఆచారమే. ముందొచ్చినవాడి అరచేతిలో 'శ్రీ' రాస్తారు, రెండోవాడికి చుక్క పెడతారు. మూడోవాడి నుంచీ ఎన్నోవాడైతే అన్ని బెత్తం దెబ్బలు. తానూ అలాగే చదువుకున్నారు కాబట్టి అందులో తప్పేముందో ఆయనకు తోచలేదు.

ఒకనాడు పొద్దున్నే అమలాపురం నుంచి తనిఖీదారుగారు పడవ దిగారు. అరుగు వంక చూశారు, పట్టీ వంక చూశారు.

"ముప్పై మంది నా కళ్లకి కనబడాలి పంతులుగారూ. ఒక్కడు తగ్గినా బడి ఎత్తేయమని రాసేస్తాను. మధ్యాహ్నం పోటు ఎక్కగానే నా పడవ కదులుతుంది. ఈలోగా చూపించండి."

బడి పోతే ఏ మొహం పెట్టుకుని ఊరికి తిరిగి వెళ్లడం? పంతులుగారు ఉన్నపళాన ఏటిగట్టుకేసి పరుగు తీశారు. అక్కడ పిల్లలు వలలు ఆరేస్తున్నారు. "రండర్రా! మీకు పుణ్యముంటుంది, రండర్రా!" అని చేతులు ఊపుతూ కేకేశారు. అంతే, ఒక్కొక్కడూ ఒక్కో దిక్కుకు చెల్లాచెదురైపోయాడు.

వల మడతపెడుతున్న పెద్దింట్లమ్మ తలెత్తి చూసింది. "అయ్యో పంతులుగారండీ! ముందు ఆ చేతిలోది పారెయ్యండి బాబూ. దాన్ని చూస్తే పిట్టైనా వాలదు, పిల్లలొస్తారాండీ?"

అప్పుడు చూసుకున్నారు. చేతిలో బెత్తం!

"మా పిల్లలు బద్ధకస్తులు కారండి" అంది పెద్దింట్లమ్మ. "పోటు నీరు తీసేదాకా వల వదిలి రాకూడదండి. అప్పటికే మీ అరుగు మీద పదిహేడు మంది ఎక్కేసి ఉంటారు. ఆపైన వెళ్లినోడికి పద్దెనిమిది దెబ్బలు, వాడి వెనకోడికి పందొమ్మిది. గట్టు మీద నిలబడి లెక్కెట్టుకుని, రోజూ వెనక్కొచ్చేత్తన్నారండి."

"మూడేళ్లయింది! ఒక్కరైనా నాతో చెప్పారా?"

"మీరు అడిగేరాండీ?"

నా బడిని నేనే ఖాళీ చేసుకున్నానా అని పంతులుగారికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఆ బెత్తాన్ని ఎంత దూరం పడితే అంత దూరం ఏట్లోకి విసిరేశారు. అది మునిగి తేలి కొట్టుకుపోయేదాకా చూసి గాని పిల్లలు తాటిమొద్దుల చాటు నుంచి ఇవతలికి రాలేదు.

పన్నెండు మంది ఆయన వెంట నడిచారు. తనిఖీదారుగారు ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టారు. "ఇరవై తొమ్మిది" అని గొడుగు అందుకున్నారు. రేవులోంచి పడవ సరంగు పోటెక్కుతోందని కేకేశాడు. పంతులుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో ఏటి అవతల వల తీయడానికి వెళ్లిన పెద్దింట్లమ్మ మనవడు ముత్యాలు రొప్పుకుంటూ వచ్చాడు. బెత్తం ఏట్లో పోయిన సంగతి పాపం వాడికి తెలీదు. అయినా వచ్చాడు. వస్తూనే రెండు అరచేతులూ చాచి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ముప్పయ్యోవాణ్ణండి. ఈ చేతికి పదిహేను, ఈ చేతికి పదిహేను కొట్టెయ్యండి. సరిపోద్దండి."

తనిఖీదారుగారు పకపకా నవ్వేశారు. "భాగహారం కూడా వచ్చేసిందే! ఎవరు నేర్పేరండీ?"

"నా బెత్తమండీ, సిగ్గుచేటు" అన్నారు పంతులుగారు. ఆయన నవ్వలేకపోయారు. ఆ చిన్న చేతుల నిండా వలతాడు కోసిన గీతలే ఉన్నాయి. వాటి మీద దెబ్బ వెయ్యడానికి చోటు ఎక్కడుంది? మూడేళ్లలో ఒక్కనాడూ ఆయన ఆ చేతులు తిప్పి చూడలేదు.

ముత్యాలు ఒక కన్ను తెరిచాడు. "ఎప్పుడు కొడతారండీ?"

"ఇంక కొట్టనురా నాయనా. ఎవర్నీ కొట్టను. మీరు పోటు తీశాకే రండి, బడి అప్పుడే మొదలెడదాం."

ఆ మాటకి ముప్పై మందీ ఒక్కసారిగా కేక పెట్టారు. అరుగు కూలిపోయిందనుకుని సరంగు పడవ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.