దొరసాని మాట

“దొరసానికి నీళ్లు కాగినాయా?”

పొద్దున లేస్తూనే మా ఆయన అడిగే మొదటి మాట అదే. ప్రార్థన కూడా దాని తర్వాతే. చంకలో చిన్నదాన్ని పెట్టుకుని, కాగు కిందికి పుల్లలు ఎగదోస్తూ “కాగుతాండాయి” అనేదాన్ని. కాగిన నీళ్లు బిందెలో పోసుకుని, నంద్యాల మిషన్ కాంపౌండులో మా ఇంటి నుంచి బంగళా పక్క గది దాకా నడిచి, తలుపు దగ్గర పెట్టి, వెనక్కి వచ్చి జొన్నరొట్టెలకు పిండి కలుపుకునేదాన్ని. 1957 నవంబరు నుంచి మార్చి దాకా నా పొద్దు అట్లాగే మొదలైంది.

దొరసాని అంటే పెద్దావిడేమీ కాదు, ఇరవై ఏళ్ల పిల్ల. పేరు ఐలీన్. ఇంగ్లండులో కాలేజీ చదువు మధ్యలో ఆపి, క్రీస్తు పేరున కొన్ని నెలలు సేవ చేస్తానని ఓడెక్కి వచ్చింది. పొద్దున బైబిలు చదువుకుని, నా దగ్గర అరగంట తెలుగు అక్షరాలు దిద్దేది. తర్వాత మిషన్ దవాఖానాలో కట్లు చుట్టడం, పుండ్లు కడగడం. మధ్యాహ్నం మిషన్ బోర్డింగు బడి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడం. సాయంత్రం వరండాలో కూర్చుని ఇంటికి ఉత్తరం రాయడం. ఉత్తరం రాసేటప్పుడు అప్పుడప్పుడు ఏడ్చేది. వచ్చిన నెలకే విరేచనాలు పట్టుకుని మంచాన పడితే వారం రోజులు నేనే పక్కన ఉండి గంజి తాగించాను, గుడ్డలు మార్చాను. జ్వరంలో “మమ్మీ” అని నా చెయ్యి పట్టుకుంది. లేచి తిరిగిన రోజు నుంచి నన్ను “శాంతమ్మక్కా” అని పిలిచేది. మంచి పిల్ల. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

మా ఆయన జకరయ్య మిషన్‌లో ఉపదేశి. పల్లెలు తిరిగి వాక్యం చెప్పడం ఆయన పని, దానికి జీతం ఉంది. ఉపదేశి భార్యకు జీతం లేదు, పని మాత్రం ఉంది. మిషన్ గుడి ఊడ్చాలి, ప్రభువు బల్ల మీది గుడ్డలు ఉతకాలి, ఎవరింట్లో కాన్పయినా చావయినా ముందు నిలబడాలి, వచ్చిన దొరలకూ దొరసానులకూ వండాలి. మా పెళ్లినాడు మిషన్ పెద్ద అయ్యగారు అన్నారు, “దేవుడు ఉపదేశిని పిలిచినప్పుడే ఉపదేశి భార్యను కూడా పిలిచినాడు” అని. నన్ను పిలిచినట్టు నాకు వినపడలేదు. పదహారేళ్ల పిల్లను, ఏమని అడుగుతాను? అప్పటికి కోయిలకుంట్ల దగ్గర మా పల్లె నుంచి వచ్చి, బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పంతులమ్మ ట్రైనింగుకు నా పేరు రాసుకున్నారు కూడా. పెళ్లి కుదరగానే ఆ పేరు కొట్టేశారు. కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి దగ్గర ఏదో ఇంగ్లీషు పాట కూనిరాగం తీస్తుంటే మా అత్త సరోజమ్మ, “ఇంగిలీసు నేర్చిన చేత్తో తడితే రొట్టె పొంగదా ఏందీ?” అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పట్లో నా మీద వేసిన మాటలకు అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని.

ఐలీన్ వచ్చాక ఆ ఇంగ్లీషుకు మళ్లీ పని పడింది. ప్రతి గురువారం ఆమె ఆళ్లగడ్డకు పోయి తల్లులకు పాఠం చెప్పాలని ఏర్పాటు. ఆమె మాట తెలుగులో చెప్పడానికి నేను. మాకు తోడుగా మా ఆయన. పొద్దున బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా దుమ్ము తింటూ పోయి, ఆళ్లగడ్డలో బడి పంతులు ఇంటి ముందు గదిలో చాపలు పరిచేవాళ్లం. అక్కడి మా క్రైస్తవుల పాలెం ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వెనక సందులోంచి షరీఫా, ఆమె ఆడబిడ్డ సర్దార్‌బీ వచ్చేవాళ్లు. రైతు ఇంటి ఆమె రంగనాయకమ్మ మాత్రం మొదట రెండు వారాలు వాకిట్లోనే నిలబడింది. “చేనికి పోతాంటి, ఏందో మాటలు వినపడితే ఆగినా” అనేది. మూడో వారం గడప మీద కూర్చుంది. ఆ తర్వాత చేను పేరు ఎత్తలేదు.

పసిబిడ్డకు నారింజ రసం పట్టాలని ఐలీన్ చెప్పేది. ఆళ్లగడ్డలో నారింజలు యాడ ఉండాయి? నేను శనగలు నానబెట్టి ఉడికించి మెత్తగా నలిపి పెట్టమని చెప్పేదాన్ని. బిడ్డకు విరేచనాలైతే నీళ్లు కాచి ఇవ్వాలని ఆమె అనేది. నేను నా రెండో బిడ్డను ఎట్లా పోగొట్టుకున్నానో, మూడోదాన్ని ఎట్లా దక్కించుకున్నానో చెప్పి, అప్పుడు నీళ్ల సంగతి చెప్పేదాన్ని. ఆమె ఒక్క వాక్యం చెబితే నా నోట నాలుగు వచ్చేవి. “తెలుగు చాలా పొడుగు భాష అక్కా” అని ఐలీన్ ఆశ్చర్యపోయేది.

జనవరిలో ఒక సాయంత్రం, తమ కాలేజీ పత్రికకు రాసిన వ్యాసం చదివి వినిపిస్తానంది. వరండాలో ఆమె కుర్చీలో, నేను మెట్టు మీద ఒడిలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ. ‘తెల్లవారగానే నా గదికి వేడినీళ్లు వస్తాయి. ఎనిమిదికి ఫలహారం వస్తుంది. గురువారం బస్సులో ఆళ్లగడ్డ అనే ఊరికి వెళతాం. అక్కడ నలభై మంది తల్లులకు నేను పాఠం చెబుతాను.’ ఇంకా చాలా ఉంది. బస్సులో కోళ్లున్నాయి, మహానంది కొండలున్నాయి, గదిలోకి వచ్చిన తొండ కూడా ఉంది. నేను లేను. “బాగుందా?” అని అడిగింది. బాగుందన్నాను. “తప్పులేమైనా ఉన్నాయా?” అంది. “ఇంగ్లీషులో తప్పుల్లేవు” అన్నాను.

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమె అబద్ధం రాయలేదు. ఆమె కళ్లకు వేడినీళ్లు వాటంతట అవే వచ్చినట్టు కనపడ్డాయి. మా ఆయన కళ్లకు మాత్రం వేరేగా కనపడ్డాయా? పదమూడేళ్లుగా ఆయన ముందుకి కంచం వస్తోంది, ఉతికిన పంచె వస్తోంది, బిడ్డలు వచ్చారు. అయిదు కాన్పులు, ముగ్గురు బతికారు. ఎక్కడి నుంచి వస్తున్నాయని ఆయన తల తిప్పి చూడలేదు. తిప్పి చూడమని నేను అడగలేదు. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల కాగితం మీద రాసి చదివితే తప్ప నా సంసారం నాకే కనపడలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం పాఠం అయిపోయాక షరీఫా లేవలేదు. ఆరో కాన్పయి మూడు నెలలైంది. మనిషి చెక్కు తీసినట్టు పాలిపోయి ఉంది. ఒళ్లో బిడ్డను సర్దుకుని, తల వంచుకునే అడిగింది.

“అక్కా, ఆ యమ్మను ఒక మాట అడుగు. ఇంక బిడ్డలు వద్దనుకుంటే ఏం జేయాల? ఇంకోసారి అయితే నువ్వు బతకవని మంత్రసాని చెప్పింది నాకు.”

బయట వసారాలో పంతులుతో కూర్చున్న మా ఆయన గట్టిగా దగ్గాడు. “ఆ మాటలు ఈడ యాల? పాటెత్తు” అన్నాడు లోపలికి వినపడేట్టు.

నేను పాట ఎత్తలేదు. షరీఫా అడిగింది అడిగినట్టు ఐలీన్‌కు చెప్పాను. ఆ పిల్ల మొహం చెవుల దాకా ఎర్రబడింది. “నాకు తెలియదు అక్కా. ఇవి మాకు ఎవరూ చెప్పలేదు. ప్రార్థన చేసుకోమని చెప్పు” అంది.

ఆమె మాట ఒకటి తెలుగులో చెప్పబుద్ధి కాకపోవడం అదే మొదటిసారి. షరీఫా అడిగిన ప్రశ్న నాది. నాలుగో కాన్పు నుంచీ నాలో ఉంది. ఎవరినీ అడగలేదు. ప్రార్థన మాత్రం చేశాను, మోకాళ్లు కాయలు కాచేదాకా. ఆ ప్రార్థన తర్వాతే అయిదోది పుట్టింది. దేవుడి మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ ఈ ప్రశ్న ఆయన్ను అడిగేది కాదనీ, ఇంకెవరినో అడగకుండా ఆయన మీద వేసి చేతులు దులుపుకుంటున్నామనీ ఆ నిమిషంలో తెలిసింది.

“షరీఫా, దొరసానికి తెలీదంట. నాకూ తెలీదు” అన్నాను. “నంద్యాల సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉండాది. ఆమెకు తెలుసు. సోమవారం పొద్దున బస్సుకు రా. నేను బస్టాండులో ఉంటా.”

ఇంటికి వచ్చి గుమ్మంలోకి అడుగు పెట్టగానే మా ఆయన మొదలుపెట్టాడు.

“ఆమె ప్రార్థన చేసుకోమన్నది గదా. ఆ మాత్రం ఇంగిలీసు నాకు రాదా?”

“వచ్చు.”

“మరి సొంత మాటలు యాల చెప్తివి? నిన్ను పెట్టింది తర్జుమాకు. అయ్యగారికి తెలిస్తే నా గతి ఏంది?”

“ఆ మాట నేను చెప్పలేకపోయినా.”

మా అత్త మంచం మీంచి అందుకుంది. “ఊరోళ్ల కాపురాలు నీకెందుకే? నీ ఇల్లు సూసుకో.”

నా ఇల్లు చూసుకునే చెప్పానని ఆమెకు ఎట్లా చెప్పను?

సోమవారం షరీఫా వచ్చింది, సర్దార్‌బీని తోడు తెచ్చుకుంది. ఆ పొద్దు మా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో నేను చూడలేదు. ఆసుపత్రిలో షరీఫాతో పాటు నేనూ లోపలికి పోయి, డాక్టరమ్మ తలుపు మూసి వివరంగా చెబుతుంటే బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. ఆమె చెప్పడం ముగించి, షరీఫా లేచాక, నా వైపు చూసింది. “నీకేమన్నా అడగాల్నా?” అంది. ఎవరి మాటో ఎవరికో చెప్పడం అలవాటైన నోరు. అయినా కూర్చున్నాను, అడిగాను. నా కోసం నేను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. షరీఫాకు చెప్పినంత వివరంగా నాకూ చెప్పింది.

మార్చి మొదట్లో ఐలీన్ వెళ్లిపోయింది. నంద్యాల స్టేషనులో అందరూ దండలు వేశారు. మా ఆయన ప్రార్థన చేశాడు. రైలు వచ్చేముందు నన్ను పక్కకు తీసుకుపోయి, “ఆ రోజు షరీఫాకు అట్లా చెప్పమన్నందుకు సిగ్గుగా ఉంది అక్కా. మా ఊరు పోయి ఆ సంగతులు చదువుకుంటాను” అంది. కళ్లనిండా నీళ్లు. ఇద్దరం కౌగిలించుకున్నాం.

తర్వాతి బుధవారం మా ఆయన గుడి నుంచి వచ్చి, “ఇంక గురువారాలు లేవు. ఇంకో దొరసాని వచ్చిందాకా ఆళ్లగడ్డ పాఠం నిలిపేయమన్నారు అయ్యగారు” అన్నాడు. ఆ మాటలో నాకు ఆయన నిమ్మళం కూడా కొంచెం వినపడింది.

మర్నాడు పొద్దున వంట ముగించి, చిన్నదాన్ని అత్త పక్కన పడుకోబెట్టి, ఉతికిన చీర కట్టుకున్నాను.

“యాడికి పోతాండావ్?”

“ఆళ్లగడ్డకు.”

“ఎవురితో?”

“ఒక్కదాన్నే.”

కోపంగా అరవలేదు ఆయన. నిజంగానే అర్థంకాక అడిగాడు. “దొరసాని లేకుండా పోయి ఏం తర్జుమా చేస్తావే?”

నేను బస్టాండుకు నడిచాను. బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. శిరివెళ్ల దాటేసరికి దిగిపోయి వెనక్కి వచ్చేద్దామా అనిపించింది. ఎనిమిదో తరగతి చదువు, పొయ్యి ముందు గడిచిన పదమూడేళ్లు. ఏం తెలుసని పోతున్నాను? ఐలీన్ చేతిలో పుస్తకం ఉండేది, బొమ్మల పటాలు ఉండేవి. నా చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

పంతులు ఇంటి ముందు గదిలో ఏడుగురే ఉన్నారు. షరీఫా ఉంది, కాస్త రంగు తేలింది. రంగనాయకమ్మ గడప మీద కాదు, చాప మీద కూర్చుని ఉంది. నా వెనక చూసి, “దొరసాని రాలా?” అంది.

“వాళ్ల ఊరికి పోయింది. ఇంక రాదు” అన్నాను. కూర్చోవడానికి ధైర్యం చాలక నిలబడే ఉన్నాను. “ఇన్నాళ్లూ మీకు మంచి మాటలు చెప్పింది ఆమె. నాకు అంత తెలీదు. చెప్పిపోదామని వచ్చినా.”

రంగనాయకమ్మ నన్ను ఎగాదిగా చూసింది. చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఆ పిల్ల మాట మాకెవురికి అర్థమాయె శాంతమ్మా? ఇన్నాళ్లూ మేం ఇనింది నీ మాటే గదా. కూచో, చెప్పు.”