మజ్జిగలో తెల్ల పొడి

1978 ఎండాకాలంలో దూదేకుల నబీ సాబ్‌కు తన భార్య వహీదా బీ మీద అనుమానం పుట్టింది.

అతను ఆదోనిలో పరుపులు కుట్టి బతికేవాడు. వయసు నలభై ఆరు. మొదటి భార్య పోయాక మూడేళ్లు ఒంటరిగా ఉండి, మద్దికెర నుంచి వహీదాను చేసుకున్నాడు. పెళ్లయి రెండేళ్లు. ఆ ఉగాది దాటేసరికి మనిషి సగమయ్యాడు. తిండి తగ్గలేదు, పైగా రెండు రొట్టెలు ఎక్కువే తినేవాడు. అయినా ఎముకలు తేలాయి. చెంబు మీద చెంబు నీళ్లు తాగేవాడు, గంటకోసారి దొడ్లోకి పరిగెత్తేవాడు. దూది ఏకడానికి కూర్చుంటే కాసేపటికే చేతులు వాలిపోయేవి.

ఎమ్మిగనూరు నుంచి అతని అక్క హజరా బీ చూడటానికి వచ్చింది. ఆమెకు ఈ రెండో పెళ్లి మొదటినుంచీ గిట్టదు. ఎప్పుడు వచ్చినా ఆ ఇంట్లో పచ్చి నీళ్లు కూడా ముట్టదు. తమ్ముణ్ణి వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"నీకు మందు పెట్టినారురా."

"ఎవురు పెడతారుక్కా?"

"కూడు పెట్టేటోళ్లే. తిన్నది ఒంటికి పట్టకుండా చేసే మందు అది. ఆ యమ్మి చేతుల్ని కనిపెట్టి సూడు."

అన్నంలో ఏదో కలిపి మనిషిని కొద్దికొద్దిగా చంపుతారని ఆ చుట్టుపక్కల చాలామందికి గట్టి నమ్మకం. నబీ సాబ్ మొదట కొట్టిపారేశాడు. కానీ ఆ మాట చెవిలోంచి పోలేదు. పొయ్యి దగ్గర వహీదా వెనక్కి తిరిగి చూస్తే, ఎందుకు చూసిందా అనుకునేవాడు. చూడకపోతే, ఎందుకు చూడలేదా అనుకునేవాడు.

నాలుగో రోజు కిటికీలోంచి చూశాడు. ఆమె కొంగు ముడి విప్పి, చిన్న పొట్లం తీసి, తెల్ల పొడి రెండు చెంచాలు మజ్జిగలో వేసి కలిపింది. మళ్లీ ముడి వేసుకుంది. లోటా తెచ్చి, "తాగు, వాడిపోతాండావు," అంది.

నబీ సాబ్ లోటా తీసుకుని దొడ్లోకి పోయి బూడిద కుప్ప మీద పారబోశాడు.

అప్పటినుంచి ఇంట్లో తినడం మానేశాడు. బజార్లో బోండాలు, దాహమైనప్పుడల్లా షర్బత్తు. రోజుకు నాలుగైదు గ్లాసులు. తాగినకొద్దీ దాహం పెరిగేది, చూపు మసకబారేది. లోపలికి పోయిన పాత మందు ఇంకా పని చేస్తోందనుకున్నాడు. "ఏం తప్పు చేసినాను?" అని వహీదా రెండుసార్లు అడిగింది. అతను బజారు దారి పట్టాడు.

హజరా బీ అతన్ని ఆస్పరి దగ్గర ఒక పల్లెకు తీసుకుపోయింది. అక్కడ మందు కక్కించే ముసలాయన పచ్చటి పసరు తాగించాడు. నబీ సాబ్ పేగులు బయటికొచ్చేలా తొట్టిలో కక్కాడు. ముసలాయన తొట్టిలో చెయ్యి పెట్టి, వెంట్రుకలు చుట్టుకున్న ఉండ ఒకటి తీసి చూపించాడు. "ఇదో, మందు!"

నబీ సాబ్ దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. అది దూది. పుట్టినప్పటినుంచి దూదిలోనే బతికినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ముసలాయన మోసగాడని అర్థమైంది. కానీ వహీదా కొంగులో పొట్లాన్ని తను కళ్లారా చూశాడు కదా. ఎవర్ని నమ్మాలో తెలియక ఆ ఉండను తొట్టిలోకే విసిరేశాడు.

తిరిగొచ్చి ఆదోనిలో బస్సు దిగుతూనే పడిపోయాడు. కబురందుకుని వహీదా పరుగున వచ్చింది. వదినతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతన్ని రిక్షాలో వేసుకుని డాక్టరు ప్రభుదాసు దగ్గరికి పోయింది. హజరా బీ వెనకే వచ్చింది.

డాక్టరు సెలైన్ ఎక్కించాడు. మూత్రం పట్టించి, గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి దీపం మీద కాచాడు. నీలం పచ్చబడి, పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది.

"చక్కెర జబ్బు," అన్నాడు. "దాహం, మాటిమాటికీ ఒంటేలు, ఎంత తిన్నా చిక్కిపోవడం, చూపు మసక. అన్నీ దీని గుర్తులే."

నబీ సాబ్ పడుకున్నచోటి నుంచే వహీదా వైపు చెయ్యి చాపి చూపించాడు. "పొడి పెట్టింది సార్. ఆ యమ్మి కొంగులో ఉంది."

వహీదా కొంగు ముడి విప్పి పొట్లం డాక్టరు చేతిలో పెట్టింది. "గ్లూకోజు పొడి సార్. బలమొస్తాదని అంగట్లో ఆయప్ప చెప్పినాడు. నేనేమిచ్చినా అనుమానంగా సూస్తాండె. అందుకే చెప్పకుండా కలిపినాను."

"సూడండి సార్! పెట్టిందే గదా!" అని హజరా బీ అరిచింది.

"ఈ జబ్బులో ఇది చెరుపే చేస్తుంది," అన్నాడు డాక్టరు. "షర్బత్తు అంతకన్నా చెరుపు. కానీ జబ్బు వీటివల్ల పుట్టలేదు. మీ నాయన ఎట్లా పోయినాడు?"

"కాలికి ముల్లు గుచ్చుకుని కుళ్లిపోయింది. శానా దప్పిక అంటాండె," అంది హజరా బీ.

డాక్టరు హజరా బీ కాలి గుడ్డకట్టు వైపు చూశాడు. "ఇది ఏమైంది?"

"రాయి తగిలింది. రెండు నెల్లయింది. నొప్పేం ల్యా."

"నొప్పి తెలియకపోవడమే చెడ్డ గుర్తు." ఆమె మూత్రం కూడా పరీక్ష చేయించాడు. గొట్టంలో అదే ఇటుక రంగు.

"ఈ అమ్మ చేతి కూడు నువ్వెప్పుడైనా తిన్నావా?" అని వహీదాను చూపించి అడిగాడు.

హజరా బీ గొట్టం వైపు చూసింది. "నీళ్లు కూడా తాగల్యా సార్," అంది.

రక్తసంబంధంలో ఒకరికుంటే మిగతావాళ్లకూ రావచ్చనీ, పిల్లలకూ పరీక్ష చేయించాలనీ, ఒళ్లు పెరగనివ్వకుండా రోజూ నడవాలనీ, పాదాలు చూసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. హజరా బీకి రెండు కాలివేళ్లు తీసేశారు. ఇంకో నెల ఆగి ఉంటే పాదమే పోయేదట. ఆమె వహీదాకు క్షమాపణ చెప్పలేదు. ఊరికి పోయేటప్పుడు వహీదా చెయ్యి పట్టుకుని కొంచెంసేపు నిలబడింది, అంతే.

ఇంటికొచ్చిన రోజు నబీ సాబ్ అన్నాడు. "తప్పయింది. ఇప్పుడు నమ్మినాను."

"డాక్టరు గొట్టాన్ని నమ్మినావు," అంది వహీదా. "నన్ను కాదు."

ఆ ఏడంతా ఆమె అవసరానికి మించి మాట్లాడలేదు. అయినా అతని మాత్రలు, నడక, పప్పుతో రొట్టె అన్నీ ఆమే చూసుకుంది. అతను పనిలోకి వచ్చాడు, ఒళ్లు కుదుటపడింది. పెళ్లిళ్లకు పోయి వస్తే మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, ఏం తిన్నావని గుచ్చిగుచ్చి అడిగేది. అతను చాలామటుకు నిజమే చెప్పేవాడు.